కాయకము నిలుచు తావు
(కుటుంబము రాష్ట్రము మారుటను గూర్చి గృహస్థులకు ఒక పాఠము)

గృహస్థునకు ఇల్లు, వృత్తి, సంతానము, దాసోహము అను నాలుగును ఒకదానితో నొకటి పెనవేసికొని యుండును. వీనిలో ఒకదానిని కదల్చినచో తక్కిన మూడును కదలును. మహానగరమున ఇంటి అద్దె మోయరాని భారమైనప్పుడు, ఖర్చు తక్కువగు మరియొక రాష్ట్రమునకు తరలిపోవుదమా అను ఆలోచన అనేక కుటుంబములలో పుట్టుచున్నది. హైదరాబాదులో నివసించు లింగాయత కుటుంబములకు ఈ ప్రశ్న తరచుగా బీదరు రూపమున ఎదురగుచున్నది. బీదరు, భాల్కి, హుమ్నాబాదు, బసవకల్యాణము ప్రాంతములలో వారిలో పలువురికి బంధువర్గము కలదు. హైదరాబాదునుండి బీదరు సుమారు 140 కిలోమీటర్ల దూరము మాత్రమే. అద్దెలు తక్కువ, బడి రుసుములు తక్కువ, రాకపోకల వ్యయము తక్కువ.

ఈ ప్రాంతమున రాష్ట్రముల సరిహద్దు పూర్వకాలపుది కాదు. 1956 నవంబరు 1వ తేదీకి పూర్వము బీదరు జిల్లా హైదరాబాదు రాష్ట్రములోనే యుండెను. ఆ దినమున జిల్లా మూడు పాలయ్యెను. జహీరాబాదు, నారాయణఖేడు తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌లోని మెదకు జిల్లాకును, ఉద్గీరు, నీలంగా, అహమ్మదుపూరు తాలూకాలు నాటి బొంబాయి రాష్ట్రమునకును, తక్కిన భాగము మైసూరు రాష్ట్రమునకును చేరినవి. ఈ విధముగా ఒకే వంశపు అన్నదమ్ములు మూడు రాష్ట్రముల వారైరి. పెండ్లి పేరంటములకు, జాతరలకు పోవునప్పుడు ఆ సరిహద్దు పటముపై గీసిన గీతవలె తోచును. కాని బడి, ఉద్యోగము, ధ్రువపత్రము అను విషయములు వచ్చినప్పుడు ఆ గీతయే గోడయై నిలుచును. ఆ గోడను దాటుటకు ముందు గృహస్థుడు వేసికొనదగిన లెక్కలను తెలుపుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

1. శరణుల చరిత్రలో స్థానచలనము

ఊరు మారుట శరణధర్మమునకు విరుద్ధము కాదు. బసవేశ్వరుని జీవితమే ఇందుకు ప్రమాణము. ఆయన బాల్యము బాగేవాడిలోను, విద్యాభ్యాసము కృష్ణా మలప్రభా సంగమమగు కూడలసంగమమునందును గడిచినవి. పిమ్మట ఆయన మంగళవేడకు పోయి బిజ్జలుని కొలువున కరణికుడుగా లెక్కలు వ్రాయు పనిని చేపట్టెను. తరువాత కల్యాణమునకు వచ్చి భండారి పదవిని నిర్వహించెను. నేటి లెక్కలో బాగేవాడి విజయపుర జిల్లాలోను, కూడలసంగమము బాగలకోటె జిల్లాలోను, మంగళవేడ మహారాష్ట్రమందలి షోలాపురము జిల్లాలోను, కల్యాణము బీదరు జిల్లాలోను ఉన్నవి.

ఈ ప్రయాణములందు గమనింపదగిన అంశమొకటి కలదు. ఆయన మంగళవేడకు పోయినది అక్కడ ధాన్యము చౌకయని కాదు, అక్కడ కాయకము దొరికినందున. కల్యాణమునకు వచ్చిన పలువురు శరణులును అట్టివారే. కాశ్మీరమునుండి వచ్చెనని సంప్రదాయము చెప్పు మోళిగె మారయ్య కట్టెలమోపులు అమ్మెను. అమరేశ్వరమునుండి వచ్చిన ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యమును ఏరి జీవించెను. వారి చేతికి పని, ఆ పనికి గౌరవము, ఆ ఫలమును పంచుకొనుటకు సత్సంగము కల్యాణమున లభించినవి. కనుక శరణుల స్థానచలనమునుండి గృహస్థుడు గ్రహింపవలసిన సూత్రమిది: చౌక చోటును వెదకుటకు ముందు కాయకము నిలుచు చోటును వెదకవలెను.

స్థావర జంగమములను గూర్చిన ఉపదేశమును కొందరు ఊరూరు తిరుగుటకు సమర్థనగా చెప్పుకొనుచుందురు. అది సరికాదు. జంగమత్వము ఆచరణయందలి చైతన్యము. ఇల్లు మారినంత మాత్రమున అది రాదు, మారనంత మాత్రమున పోదు. ఇష్టలింగము దేహముపైననే యుండును గనుక నిత్యపూజకు ఏ ఊరును ఆటంకము కాదు. పూజ సాగునా అను శంక లింగాయత గృహస్థునకు అవసరము లేదు. కాయకము సాగునా, దాసోహమునకు చేతిలో పిడికెడైనను మిగులునా అనునవియే అతని శంకలు కావలెను.

2. తగ్గిన ఖర్చు, తగ్గిన రాబడి

ఉదాహరణకు ఒక కుటుంబమును ఊహింపవచ్చును. ఈ క్రింది అంకెలు లెక్క చేయు పద్ధతిని చూపుటకు కల్పించినవి మాత్రమే. ప్రతి కుటుంబమును తన అంకెలను తానే వ్రాసికొనవలెను.

భర్త హైదరాబాదులో ఒక దుకాణమున లెక్కలు వ్రాయును, నెల జీతము 38,000 రూపాయలు. భార్య ఇంటియందు కుట్టుపని చేసి 9,000 సంపాదించును. మొత్తము రాబడి 47,000. అద్దె 15,000, ఇద్దరు పిల్లల బడి రుసుము, వ్యాను ఖర్చు కలిపి 8,000, ఇంటి సరకులు మొదలగునవి 13,000, రాకపోకలు 4,000, వృద్ధమాత మందులు 2,500, అప్పు వాయిదా 5,000. మొత్తము వ్యయము 47,500. నెలకు 500 రూపాయలు లోటు. దాసోహమునకు ఏమియు మిగులదు.

ఇదే కుటుంబము బీదరునకు పోయినచో అద్దె 7,000, బడి 5,000, సరకులు 12,000, రాకపోకలు 1,500, మందులు 2,500, పనిమీద హైదరాబాదు పోయివచ్చుటకు 2,000, అప్పు వాయిదా 5,000 అగుననుకొందురు గాక. వ్యయము 35,000. అనగా నెలకు 12,500 రూపాయల తగ్గుదల. పెక్కు కుటుంబములు ఇంతవరకే లెక్క వేసి సామాను కట్టుదురు.

లెక్కలో రెండవ పుట కలదు. చిన్న పట్టణమున అదే పనికి జీతము 24,000 దొరికినదనుకొనినచో, భార్యకు పాత ఖాతాదారులు దూరమై కుట్టుపని 3,000కు పడిపోయినచో, రాబడి 27,000 అగును. లోటు 500 నుండి 8,000కు పెరుగును. ఊరు చౌకయే, కుటుంబము మాత్రము అప్పులో దిగును. అట్లుగాక పాత యజమాని ఇంటినుండియే లెక్కలు వ్రాయుటకు అంగీకరించి 34,000 ఇచ్చినచో రాబడి 37,000 అగును, నెలకు 2,000 మిగులును. ఊరు ఒక్కటే, ఖర్చు ఒక్కటే, ఫలితము మాత్రము పూర్తిగా వేరు. భేదమంతయు కాయకమునందే యున్నది.

తరలుటకే అగు ఖర్చును గూడ మరువరాదు. లారీ కిరాయి, ఇంటికి అడ్వాన్సు, బడులలో ప్రవేశ రుసుము, పని కుదురు వరకు గడుపు దినములు కలిపి 60,000 రూపాయలైనచో, నెలకు 2,000 చొప్పున మిగిలినను అది తిరిగి వచ్చుటకు 30 నెలలు పట్టును. నడుమ చిట్టీలు కట్టుచున్న వారు వానిని ముగించుకొనియో, సభ్యత్వమును మరియొకరికి అప్పగించియో కదలవలెను. సగములో విడిచిన చిట్టీ మిగులును మ్రింగివేయును.

3. పిల్లల చదువు: తొందరపాటుచే కలుగు నష్టము

రూపాయలలో కనబడని నష్టము చదువు విషయమున కలదు. ప్రతి రాష్ట్రమును తన వృత్తివిద్యా కళాశాలలలోని సీట్లను ప్రధానముగా స్థానిక విద్యార్థులకు ఇచ్చును. స్థానికుడెవడు అను నిర్ణయము రెండు రాష్ట్రములందు రెండు విధములుగా నున్నది.

తెలంగాణమున సాధారణ నియమము ప్రకారము ఇంటర్మీడియేటుతో ముగియు నాలుగు వరుస సంవత్సరములు, అనగా 9వ తరగతినుండి 12వ తరగతి వరకు, అచ్చటనే చదివి యుండవలెను. కర్ణాటకమున సామాన్య నియమము ప్రకారము 1వ తరగతినుండి ద్వితీయ పి.యు.సి. వరకు గల కాలములో కనీసము ఏడు విద్యాసంవత్సరములు ఆ రాష్ట్రమున చదివి, పదవ తరగతి గాని ద్వితీయ పి.యు.సి. గాని అచ్చటనే ఉత్తీర్ణత నొంది యుండవలెను.

పైన చెప్పిన కుటుంబమున కుమార్తె 8వ తరగతిలోను, కుమారుడు 4వ తరగతిలోను బీదరు బడిలో చేరుదురనుకొనినచో ఫలితము ఇట్లుండును. కుమారునకు 4 నుండి 12 వరకు తొమ్మిది సంవత్సరములు కర్ణాటకమున లభించును. అతనికి చిక్కు లేదు. కుమార్తెకు 8 నుండి 12 వరకు ఐదు సంవత్సరములు మాత్రమే లభించును. కర్ణాటకపు ఏడేండ్ల నియమమునకు ఆమె చాలదు. తెలంగాణపు చివరి నాలుగేండ్లను ఆమె విడిచివచ్చినది. చదువులో ఎంత చురుకైనదైనను, రెండు రాష్ట్రములందును ఆమె పరస్థానికురాలగు ప్రమాదము కలదు. నెలకు రెండువేలు మిగిల్చుకొనుటకై కూతురి వైద్యవిద్యా ద్వారమునో, ఇంజనీరింగు ద్వారమునో మూసివేయుట ఏ లెక్కలోను లాభము కాదు.

కర్ణాటకమున తల్లిదండ్రులు అచ్చట చదివియుండుట, సరిహద్దు కన్నడిగులై యుండుట మొదలగు కారణములచే ఇచ్చు మినహాయింపులు కొన్ని కలవు. అవి తమకు వర్తించునో లేదో ఆ సంవత్సరపు ప్రవేశ పుస్తకమును చూచి ముందుగానే నిశ్చయించుకొనవలెను. ఏ మినహాయింపును లేనివారికి స్థూలముగా ఒక మెట్టు గుర్తుండవలెను: బిడ్డ 6వ తరగతిలో చేరులోగా పోయినచో ఏడేండ్లు నిండును. ఆ మెట్టు దాటినచో 12వ తరగతి ముగియువరకు ఆగుట మేలు, లేదా ఆ బిడ్డను బంధువుల యింటనో వసతి గృహముననో ఉంచి పాత రాష్ట్రముననే చదివింపవలెను.

ప్రభుత్వోద్యోగముల విషయము వేరు. తెలంగాణమున 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము 1 నుండి 7 తరగతుల చదువు ఏ జిల్లాలో సాగినదో దానిని బట్టి ఉద్యోగములకు స్థానికత నిర్ణయింపబడును. కర్ణాటకమున 371-జె అధికరణము క్రింద బీదరు, కలబురగి, యాదగిరి, రాయచూరు, కొప్పళ, బళ్ళారి, విజయనగర జిల్లాల వారికి ప్రత్యేక రక్షణ కలదు. అది పుట్టుకను, దీర్ఘకాల నివాసమును బట్టి వచ్చునది. ఇల్లు అద్దెకు తీసికొన్న మరునాడే లభించునది కాదు. పూర్వులు బీదరు వారైన కుటుంబములు తమ పాత పత్రములను వెదకి తీయవలెను, ఎండిన కాగితమే ఒక్కొక్కప్పుడు పిల్లవానికి ఉద్యోగమగును.

కులధ్రువపత్రమును గూర్చియు ఇదే జాగ్రత్త. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2009లో లింగాయతులు వెనుకబడిన తరగతుల 'డి' వర్గమున చేర్చబడిరి. కర్ణాటకమున వీరశైవ లింగాయతులు '3-బి' వర్గమున కలరు. ఒక రాష్ట్రపు పట్టిక ఆ రాష్ట్రపు వారికే వర్తించును. తెలంగాణపు పత్రమును బీదరు కార్యాలయమున చూపి ప్రయోజనము పొందజాలరు.

4. భాష

కర్ణాటకమున 2015 నాటి చట్టముచే పాఠశాలలలో కన్నడము ప్రథమ భాషగానో ద్వితీయ భాషగానో నేర్పవలసి యున్నది. తెలంగాణమునను 2018 నాటి చట్టముచే తెలుగు బోధన తప్పనిసరి. ఇంట కన్నడము మాటలాడు పిల్లలకు సైతము వ్రాయుట రాకపోవచ్చును. కాని తెలుగు కన్నడ లిపులు తోబుట్టువులు. ఒకటి వచ్చిన బిడ్డకు రెండవది పట్టుబడుటకు ఎక్కువ కాలము అక్కరలేదు. పాల్కురికి సోమనాథుడు తెలుగున రచించిన బసవపురాణమును భీమకవి 1369లో కన్నడమునకు తెచ్చెను. వీరశైవమునకు ఈ రెండు భాషలును రెండు కన్నులు. వేసవి సెలవులలో అక్షరములు నేర్పి, విద్యాసంవత్సరము మొదలగుటకు ముందే చేర్చినచో బిడ్డ తరగతిలో చిన్నబుచ్చుకొనదు. నడి సంవత్సరమున బడి మార్చుట మాత్రము ఎన్నడును తగదు.

క్రొత్త భాషను చేర్చుకొనునప్పుడు పాతదానిని విడువనక్కరలేదు. నిజాము పాలనలో ఉర్దూ రాజ్యమేలు కాలమున భాల్కి హిరేమఠాధిపతులు చన్నబసవ పట్టదేవరు కన్నడ పాఠశాలలను నిలిపిరి. భాషను కాపాడుటకు ఇల్లును మఠమును చాలునని వారి సేవ తెలుపుచున్నది. బీదరునకు పోయిన తెలుగు కుటుంబము ఇంటియందు తెలుగు చదువును ఆ విధముగనే నిలుపుకొనవచ్చును.

5. వృద్ధులు, వైద్యము

కుటుంబము కదలునప్పుడు అధికముగా నష్టపోవువారు వృద్ధులు. వారికి తెలిసిన వైద్యుడు, నడచుటకు అలవడిన వీధి, మాటలాడు నలుగురు పోవుదురు. హృద్రోగమో మూత్రపిండముల వ్యాధియో ఉన్నవారికి పెద్ద ఆసుపత్రి హైదరాబాదులో నున్నచో, బీదరునుండి మూడు గంటల ప్రయాణము అర్ధరాత్రి వేళ ఎట్లుండునో యోచింపవలెను. బీదరున ప్రభుత్వ వైద్య కళాశాల, దానికి చేరిన ఆసుపత్రి కలవు. ఏ చికిత్స అచ్చట లభించునో ముందుగా పోయి విచారింపవలెను.

తెలంగాణపు ఆరోగ్యశ్రీ ఆ రాష్ట్రవాసులకు ఉద్దేశింపబడినది. రాష్ట్రము విడిచినవారు దానిపై ఆధారపడరాదు. అయితే 70 ఏండ్లు నిండిన వారందరికి, ఆదాయముతో నిమిత్తము లేకుండ, ఏటా 5 లక్షల రూపాయల వరకు వైద్య రక్షణ 2024 అక్టోబరునుండి ఆయుష్మాన్ భారత్ క్రింద లభించుచున్నది. అది రాష్ట్రము మారినను చెల్లును. వృద్ధులున్న కుటుంబము కదలుటకు ముందే ఆ కార్డును తీసికొనవలెను. కేంద్ర ఆహార భద్రతా చట్టము క్రింది రేషను కార్డుపై దేశమున ఎచ్చటనైనను ధాన్యము పొందవచ్చును. రాష్ట్రములు తమంత తాము కల్పించిన అదనపు సౌకర్యములు మాత్రము వెంట రావు.

6. ఇల్లు, పొలము

నగరమందలి ఇల్లమ్మి పల్లెయందు పొలము కొనవలెనను కోరిక కొందరికి కలదు. కర్ణాటకమున వ్యవసాయదారులు కానివారు వ్యవసాయ భూమిని కొనుటపై నుండిన నిషేధము 2020 నాటి సవరణచే తొలగినది. కొనుటకు చట్టము అడ్డు రాదు గాని, సేద్యము కాయకముగా రానివానికి ఆ భూమి అన్నము పెట్టదు. బీదరు ఎర్రమట్టి నేలలలో నీటికి కొరత గల తావులు పెక్కు. బావి, బోరు, దారి, పహణి, ఇ.సి. పత్రములు చూడక బయానా ఇయ్యరాదు. కర్ణాటకమున రిజిస్ట్రేషను రుసుము 2025 ఆగస్టు 31 నుండి 1 శాతమునుండి 2 శాతమునకు పెరిగినది. స్టాంపు సుంకము దీనికి అదనము. దీనిని గూడ వెలలో చేర్చుకొనవలెను. మొదటి రెండేండ్లు నగరపు ఇంటిని అద్దెకిచ్చి, క్రొత్త ఊరిలో అద్దెకుండుట వివేకము. తిరిగివచ్చుటకు ద్వారము తెరచియుండును.

సరిహద్దు దాటకయే ఖర్చు తగ్గు మార్గమున్నదా అనియు చూడవలెను. సంగారెడ్డి, జహీరాబాదు తెలంగాణములోనివే. జహీరాబాదునుండి బీదరు ముప్పది కిలోమీటర్ల దూరము. అద్దె తగ్గును, బంధువులు చేరువగుదురు, కూతురి స్థానికత చెడదు. పైన చూపిన కుటుంబమునకు, కాయకము సానుకూలమగునేని, ఇదియే తగిన మార్గము కావచ్చును.

7. లక్కమ్మ కొలత

ఆయ్దక్కి మారయ్య ఒకనాడు నిత్యముకంటె ఎక్కువ బియ్యము ఏరి తెచ్చెనట. భార్య లక్కమ్మ దానిని చూచి, అక్కరకు మించినది ఆశయగునని యెంచి, అదనపు బియ్యమును తిరిగి అక్కడనే పోసి రమ్మని పంపెనని శరణ సంప్రదాయము చెప్పుచున్నది. ఇందు రెండు పాఠములు కలవు. మొదటిది: అక్కర ఎంతయో ముందు నిర్ణయించుకొనవలెను. చిన్న పట్టణమునకు పోయియు నగరపు ఆడంబరమునే కోరువానికి ఏ ఊరును చౌక కాదు. అక్కర తెలిసినవాడు కొన్నిసార్లు ఉన్న ఊరిలోనే చిన్న ఇంటికి మారి నిలదొక్కుకొనును. రెండవది: కొలత చెప్పినది ఇల్లాలు. ఇంటి ఖర్చు, పిల్లల మనస్సు, అత్తగారి ఆరోగ్యము, తన చేతిపని, వీని స్థితి ఆమెకు తెలిసినంతగా భర్తకు తెలియదు. ఆమెను అడుగక చేసిన నిర్ణయము సగము లెక్కతో చేసిన నిర్ణయమే.

8. మఠముల కర్తవ్యము

తరలివచ్చు కుటుంబమునకు తొలి ఆరు నెలలు కఠినమైనవి. ఊరిలోని మఠము ఆ కాలమున ఆశ్రయము కావచ్చును. అద్దె ఇల్లు చూపుట, పనివారిని కోరు వర్తకులకు పరిచయము చేయుట, పిల్లలకు సాయంకాలము కన్నడాక్షరములు నేర్పుట ధనము లేకయే చేయదగిన సేవలు. తుమకూరు సిద్ధగంగా మఠము వేలాది విద్యార్థులకు అన్నము, వసతి, విద్య సమకూర్చి దారి చూపినది. చిన్న మఠము పదిమంది బాలికలకు వసతి కల్పించినను, తల్లిదండ్రులు ఊరు మారినప్పుడు ఎనిమిదవ తరగతి బిడ్డ చదువు చెడకుండును. సరిహద్దుకు ఇరువైపుల నున్న మఠములు ఒకదానికొకటి కబురు పంపుకొనినచో ఈ పని సులభము.

కుటుంబమున కూర్చుండి చర్చింపదగిన ప్రశ్నలు

1. క్రొత్త ఊరిలో ఎవరి కాయకము నిశ్చయముగా కుదిరినది? మాట మాత్రమా, వ్రాతపూర్వకమా?
2. ఖర్చు ఎంత తగ్గును? రాబడి ఎంత తగ్గును? తరలు ఖర్చు ఎన్ని నెలలకు తీరును?
3. ప్రతి బిడ్డయు ఏ తరగతిలో నున్నది? 12వ తరగతి ముగియునాటికి ఏ రాష్ట్రమున స్థానికత నిలుచును?
4. ప్రతి తరగతికి స్టడీ సర్టిఫికెటు, టి.సి., కుల, నివాస పత్రములు చేతిలో నున్నవా?
5. వృద్ధుల చికిత్స ఎచ్చట జరుగును?
6. ఒకరు ముందుగా పోయి ఆరు నెలలు ఉండి చూచుటకు వీలున్నదా?
7. పోయిన పిమ్మట దాసోహమునకు నెలకు ఎంత మిగులును?

ఈ ఏడింటిలో చివరి ప్రశ్నకు ఏమియు మిగులదు అను సమాధానము వచ్చినచో, మొదటి ఆరింటిని మరల లెక్కింపవలెను. అన్నిటికిని తృప్తికరమైన సమాధానము లభించిన కుటుంబము నిర్భయముగా కదలవచ్చును. లభింపని కుటుంబము ఆగుట పిరికితనము కాదు. ఎచ్చట చేతికి సత్యమైన పని, బిడ్డకు తెరచిన బడి, వచ్చిన వానికి పెట్టుటకు పిడికెడు అన్నము ఉండునో, అదియే ఆ గృహస్థునకు కల్యాణము.